కూరగాయల మడిలో దొరికిన కంచు పిన్ను, బకిల్: ఏ కాలానివి?

వంకాయతోట_ఎసెక్స్:
ఇంగ్లండ్‌లో కోల్చెస్టర్ దగ్గర ఉంటాం. కౌన్సిల్ దగ్గర అద్దెకు తీసుకున్న మడిలో బంగాళాదుంపల కోసం తవ్వుతుంటే రెండు వస్తువులు బయటపడ్డాయి. ఒకటి వంపు తిరిగిన పిన్ను లాంటిది, సుమారు అయిదు సెంటీమీటర్లు, తల దగ్గర రెండు వైపులా పొట్టి రెక్కలు, సూది విరిగిపోయింది. రెండోది 8 అంకె ఆకారంలో ఉన్న బకిల్, నడుమ కడ్డీ, దాని మీద ఇనప తుప్పు. రెండూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పక్క మడి ఆయన రోమన్ అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే ఇలాంటివాటికి ఎవరికి తోచిన శతాబ్దం వాళ్లు రాసి అమ్మేస్తున్నారు. ఒకే చోట దొరికాయి కదా, రెండూ ఒకే కాలానివి అనుకోవచ్చా? చింతపండుతో తోమితే అక్షరాలేమైనా కనిపిస్తాయని మా అత్తయ్య అంటున్నారు, తోమనా?

పాత_చిలుము:
చింతపండు మాత్రం వద్దండీ, దాని సంగతి తర్వాత. పిన్నుని ఫిబ్యులా అంటారు, పనిచేసే తీరు అచ్చం మన పిన్నీసే. పైన నగిషీ చూసి కాలం చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను, తిప్పి తల వెనక చూడండి. స్ప్రింగు చుట్టలు, వంపు అంతా ఒకే ముక్కగా సాగి, తల నుంచి ముందుకు వంగిన చిన్న కొక్కెం స్ప్రింగు తీగని పట్టుకుని ఉంటే అది కోల్చెస్టర్ రకం (అవును, మీ ఊరి పేరే), క్రీ.శ. ఒకటో శతాబ్దం మొదటి సగం. 43లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ సైన్యం దిగక ముందే అక్కడ వాడుకలో ఉంది. అలా కాక స్ప్రింగు విడిగా చేసి, తల వెనక ఉన్న కన్నాల్లో గుచ్చి బిగించి ఉంటే దాని తర్వాతి రకం, ఒకటో శతాబ్దం రెండో సగం వైపు.

ఈ తేడా ఊరికే రాలేదు. ఒకే ముక్కగా చేసినవి ఎక్కువగా ఇత్తడి, కొట్టి సాగదీసి స్ప్రింగుగా చుట్టడానికి వీలైన లోహం. తర్వాత సీసం కలిపిన కంచుని అచ్చులో పోసి చేయడం మొదలైంది. అది పోయడానికి తేలిక, కానీ చుట్టబోతే విరుగుతుంది, కాబట్టి స్ప్రింగు వేరే చేయక తప్పలేదు.

అసలు స్ప్రింగే లేకుండా కీలు ఉంటే ఔసిస్సా, హాడ్ హిల్ రకాలు, సైన్యం వెంట వచ్చినవి. ఔసిస్సా కొన్నింటికి తల మీద తయారుచేసినవాడి పేరు అచ్చు ఉంటుంది, అక్షరాలు దొరికే అవకాశం ఉన్నది వాటిలోనే. తలకి మూడు ఉల్లిగడ్డ గుండ్లు ఉంటే క్రాస్‌బో రకం, క్రీ.శ. మూడో, నాలుగో శతాబ్దాల నాటిది. మీరు చెప్పిన రెక్కలకి అది కాదు.

వంకాయతోట_ఎసెక్స్:
థాంక్స్ అండీ, తిప్పి చూశాను. స్ప్రింగు లేదు, తల వెనక చిన్న మిట్ట, దానికి ఒకదాని కింద ఒకటి రెండు కన్నాలు. అంటే రెండో రకమేగా? రోమన్ల మీద తిరగబడ్డ రాణి బౌడికా మా ఊరు తగలబెట్టినప్పటిదా?

పాత_చిలుము:
రెండో రకమే. కింది కన్నంలో స్ప్రింగు ఇరుసు, పై కన్నంలో తీగ. బౌడికా తిరుగుబాటు 60 లేదా 61లో, ఈ రకం అప్పటికే ఉంది కాబట్టి కుదరొచ్చు, కానీ రకాన్ని బట్టి వచ్చేది కొన్ని దశాబ్దాల అంచనా, ఒక సంవత్సరం కాదు. పైగా చేసిన రోజు వేరు, జారి పడిపోయిన రోజు వేరు.

కెంట్_కుర్రాడు:
అక్కా, బకిల్ రోమన్ కాదు. 8 ఆకారం, నడుమ కడ్డీ ఉన్నవాటిని ఇక్కడ కళ్లజోడు బకిల్ అంటారు, సుమారు 1350 నుంచి 1650 దాకా. పిన్నుకీ దీనికీ మధ్య వెయ్యేళ్లకు పైనే! దున్నిన నేలలో, తవ్విన మడిలో అన్నీ కలిసిపోతాయి, పక్కపక్కన దొరకడం ఏమీ రుజువు చేయదు.

లీడ్స్_లక్ష్మి:
అత్తయ్యగారికి చెప్పండి, బిందెకి పనికొచ్చేది దీనికి పనికిరాదని. ఆ పచ్చ పొరలోనే అసలు పైతలం నిలిచి ఉంటుంది, పులుపు తగిలితే పొరతో పాటు గీతలూ పోతాయి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే, క్లోరైడ్లు, తేమ కలిసి లోహాన్ని తినేస్తున్నట్టు. సిలికా జెల్ పొట్లాలతో మూత బిగిసే డబ్బాలో పొడిగా ఉంచండి, తడిగా ఉండగా మూసేయకండి.

ఇంకోటి, 1996 ట్రెజర్ చట్టం ప్రకారం ఇలాంటి విడి కంచు వస్తువు మామూలుగా ట్రెజర్ కిందకి రాదు, కానీ అది మీదైపోదు, నేల ఎవరిదో వాళ్లదే, కౌన్సిల్‌ని అడగండి. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి రూల్ వేరు, అక్కడ ఏది దొరికినా చెప్పాల్సిందే. పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరఫున మీ జిల్లాకి ఫైండ్స్ ఆఫీసర్ ఉంటారు, ఫ్రీగా చూసి రికార్డు చేస్తారు. ముందూ వెనకా పక్కా స్కేలు పెట్టి ఫోటోలు తీయండి, మడిలో సరిగ్గా ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకోండి, బకిల్ కూడా పట్టుకెళ్లండి.