అప్‌డేట్: మైసూరు రాకెట్ల బ్యాలెన్స్ కుదిరింది

పోయిన నెల అడిగాను కదా, బెంగళూరులో మేం ముగ్గురం చేసుకుంటున్న ఆంగ్లో-మైసూరు యుద్ధాల (హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ బ్రిటిష్ వాళ్లతో చేసినవి) స్ట్రాటజీ గేమ్‌లో మైసూరు సైన్యం రాకెట్లు మరీ బలంగా ఉన్నాయి, ఎలా సరిచేయాలి అని. ఇనుప గొట్టం రాకెట్లకు దాదాపు 2 కిలోమీటర్ల అసలు రేంజ్ ఇస్తే, 100 గజాలు దాటితే గురి కుదరని మస్కెట్ల (పాతకాలపు పొడుగు తుపాకుల) దండు దగ్గరికి రాకముందే తుడిచిపెట్టుకుపోయేది.

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది ‘రేంజ్ ముట్టుకోకు, గురి చెడగొట్టు’ అన్నదే. నిజంలోనూ వాటి లోపం అదే. డ్యామేజ్ తగ్గించి, గుర్రాలు బెదిరేలా పెట్టాం. ఆదివారం జయనగర్‌లో మా బావమరిది ఆడుతుంటే ఒక రాకెట్ వంకర తిరిగి అతని గుర్రాల మధ్యే పడింది. అయినా చివరి టర్న్ దాకా పోటీ నడిచింది!

గేమ్‌లో రాకెట్ల ధర పెంచడం దండగే, డబ్బున్నవాడే గెలిచాడు. 1780 పొల్లిలూరు యుద్ధం మ్యాప్‌లో మాత్రం రాకెట్ బ్రిటిష్ వాళ్ల మందుగుండు బండికి తగిలితే పేలేలా ఉంచేశాం, ఆ యుద్ధంలో అలాగే జరిగిందంటారు. అది తీసేయడానికి మనసొప్పలేదు.