వాతావరణ గణాంకాలతో అల్లిన స్ట్రింగ్ క్వార్టెట్: సంగీతమా, చెవికి వినిపించే గ్రాఫా?

శ్రోత (చర్చ ప్రారంభం):
అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి డేనియల్ క్రాఫర్డ్ 2013లో, 1880 నుంచి నమోదైన భూమి సగటు ఉష్ణోగ్రతలను ఏడాదికొక స్వరం చొప్పున మార్చి, వయోలిన్ జాతిలోని పెద్ద వాద్యమైన సెల్లో మీద వాయించారు. 2015లో అదే పద్ధతిని నాలుగు తీగ వాద్యాల బృందానికి, అంటే స్ట్రింగ్ క్వార్టెట్‌కు, విస్తరించి, ఉత్తరార్ధగోళంలోని భూమధ్యరేఖా ప్రాంతాన్ని సెల్లోకు, మధ్య అక్షాంశాలను వయోలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలాకు, ఉన్నత అక్షాంశాలనూ ఆర్కిటిక్‌నూ రెండు వయోలిన్లకు అప్పగించారు. రెండూ చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ కదిలిపోయాను. అయినా ఒక సందేహం తీరడం లేదు. స్వరాలను అంకెలే నిర్ణయిస్తే స్వరకర్త చేసిన పనేమిటి? స్వరకర్తే నిర్ణయిస్తే అందులో విజ్ఞానం ఎంత?

గణాంకశాస్త్ర అధ్యాపకుడు:
శ్రోత గారూ, మిమ్మల్ని కదిలించింది ఉష్ణోగ్రతా, లేక కొలబద్దా (ఎన్ని డిగ్రీలకు ఒక స్వరం అన్న లెక్కా) అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ సెల్లో రచనలో అత్యంత చల్లని సంవత్సరమైన 1909 ఆ వాద్యపు అట్టడుగు స్వరం. అక్కడి నుంచి ఒక్కో అర్ధస్వరం (పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడం) సుమారు 0.03 డిగ్రీల సెల్సియస్. అందువల్ల ఒక డిగ్రీకి కాస్త పైనున్న తేడా మూడు స్థాయిల (ఒక్కో స్థాయికి పన్నెండు అర్ధస్వరాలు) మేర పరుచుకుంది. అర్ధస్వరాన్ని 0.1 డిగ్రీగా తీసుకుని ఉంటే అవే అంకెలు ఒక్క స్థాయిలో ఇమిడిపోయి జోలపాటలా వినిపించేవి. ఇంకో 1.8 డిగ్రీలు పెరిగితే స్వరాలు మనిషి చెవికి అందవని ఆ రచన గురించి చెప్పారు. 1.8ని 0.03తో భాగిస్తే 60 అర్ధస్వరాలు, అంటే అయిదు స్థాయిలు. చెవికి అందకపోవడమనే ఆ ఫలితం వాతావరణం నుంచి రాలేదు, 0.03 అనే అంకె నుంచి వచ్చింది. గ్రాఫులో అక్షం కళ్లెదుటే ఉంటుంది, కచేరీలో కూర్చున్నవారికి అది కనిపించదు.

వయోలిన్ సాధకురాలు:
మాస్టారూ, మీ లెక్క సరైనదే. కానీ తీగ మీద పై స్థాయికి వెళ్లడమంటే ఏమిటో ఒకసారి చూడండి. చెయ్యి గుర్రం (తీగలను మోసే బ్రిడ్జి) వైపు జరిగేకొద్దీ వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతుంది. కింద చెల్లిపోయే వెంట్రుకవాసి తేడా పైన అపస్వరమై పలుకుతుంది. ఆర్కిటిక్ వయోలిన్ దాదాపు వాద్యమంతా ఎక్కుతుంది కాబట్టి, ఆ ఇరుకు వాయించేవారి చేతిలోనూ వినేవారి చెవిలోనూ తెలుస్తుంది. ఆర్కిటిక్ మిగతా ప్రాంతాలకన్నా వేగంగా వేడెక్కిందన్న నిజాన్ని నేను అంకెగా ఎన్నోసార్లు చదివాను, కానీ వేళ్లతో తెలుసుకున్నది ఈ రచన వల్లనే.

స్వరకర్త పనేమిటన్న ప్రశ్నకు జపాన్ శాస్త్రవేత్త హిరోటో నగాయ్ రచించిన ‘ధ్రువ శక్తి బడ్జెట్’ (ధ్రువ ప్రాంతాల్లో వచ్చిపోయే శక్తి లెక్క) క్వార్టెట్ మంచి జవాబు. గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్, అంటార్కిటికాలోని రెండు జపాన్ కేంద్రాలు, ఈ నాలుగు చోట్ల 1982 నుంచి 2022 వరకు ఉన్న వికిరణం, అవపాతం (వాన, మంచు), ఉష్ణోగ్రత, మేఘాల మందం వివరాలను ప్రోగ్రాముతో స్వరాలుగా మార్చి, ఆ తర్వాత కొన్నిటిని కావాలనే తీసేసి, లయ కూర్చి, కొన్ని భాగాలను తానే స్వయంగా రాశారు. ఏం చేశారో దాచకుండా 2024లో పరిశోధనా పత్రంలో ప్రకటించారు. కొలబద్దను బయటపెట్టిన తర్వాత మోసం ఎక్కడుంది?

విశాఖ నివాసి:
నా బాధ వేరు. మీరిద్దరూ సగటుల గురించే మాట్లాడుతున్నారు. 2014ను ఒకే స్వరంగా పలికించామనుకోండి, ఆ స్వరంలో అక్టోబర్ 12 ఎక్కడుంటుంది? ఆ రోజు హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. ఉదయమంతా ఒక దిక్కు నుంచి తలుపులను బాదిన గాలి ఉన్నట్టుండి ఆగింది. తుపాను కన్ను మా మీదుగా వెళుతోందని తెలియనివాళ్లు వీధిలోకి వచ్చారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. మర్నాడు చూస్తే కొండలు పచ్చదనం పోయి గోధుమరంగులో ఉన్నాయి. తీవ్ర వాతావరణం మనిషిని తాకేది గంటల్లో, వార్షిక సగటులో కాదు. ఏడాదికొక స్వరం ఇచ్చే పద్ధతి భూమి వేడెక్కడాన్ని చెబుతుంది, విపత్తును చెప్పలేదు.

గణాంకశాస్త్ర అధ్యాపకుడు:
ఇది నా అభ్యంతరం కన్నా బలమైనదని ఒప్పుకుంటున్నాను. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో సంగీత సాంకేతికత ఆచార్యుడు మార్క్ బల్లోరా, వాతావరణ శాస్త్రవేత్త జెన్నీ ఎవాన్స్ కలిసి ఆరేసి గంటలకు నమోదైన తుపాను పీడనం, స్థానం, ఆకారపు సౌష్ఠవం వంటివాటిని ధ్వనులుగా మార్చారు. అవి కంప్యూటరు ధ్వనులు. నలుగురు కలిసి ఊపిరి పీల్చి వాయించే రచన కాదు. సగటు కాకుండా సంఘటనే నలుగురి చేతుల్లోకి వస్తే, కొలబద్ద మీద నా పట్టు కొంత సడలిస్తాను. అయినా దాన్ని కచేరీకి ముందే చదివి వినిపించాలి.

వయోలిన్ సాధకురాలు:
ఆ షరతుకు ఒప్పుకుంటున్నాను. హుద్‌హుద్ పీడనపు అంకెలను ఆరు గంటలకొకటి చొప్పున తీసుకుని రాయడం మొదలుపెడతాను. ఒక అర్ధస్వరానికి ఎన్ని మిల్లీబార్లో స్వరాల కన్నా ముందు ఇక్కడే పెడతాను. విశాఖ నివాసి గారూ, ఆ కన్ను మీ వీధి మీద ఎంతసేపు నిలిచిందో గుర్తుంటే చెప్పండి. నలుగురూ కమానులు ఎత్తి అంతసేపూ ఊరకుండాలని ఉంది.