టైమ్ లేని రెంకో చార్టుని నమ్మి ట్రేడ్ చేయొచ్చా? (విశాఖలోని నాలుగు పేటల ట్రేడర్ల మాటలు)

గాజువాక:
మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా షేరు కదలకపోయినా 5 నిమిషాల చార్టులో 24 క్యాండిల్స్ (5 నిమిషాలకొక ధర కడ్డీ) పడతాయి. వాటిలో చూసేదేమీ ఉండదు. 10 రూపాయల ఇటుకతో రెంకో పెడితే, అంటే ధర 10 రూపాయలు కదిలినప్పుడే ఒక ఇటుక గీసే చార్టు పెడితే, ఆ రెండు గంటల్లో ఒక్కటీ పడదు. మన ఫిషింగ్ హార్బర్ వేలంలోనూ పాట పెరిగితేనే ధర మారుతుంది, గడియారం తిరిగితే కాదు. ట్రెండ్ పట్టుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన చార్టు లేదు.

సీతమ్మధార:
ఆ శుభ్రతే కొంప ముంచుతుందండి. చివరి పచ్చ ఇటుక (ధర పెరిగితే పడేది) 520–530 అనుకుందాం. ఎర్ర ఇటుక (ధర తగ్గితే పడేది) ఆ పచ్చ ఇటుక అడుగు 520 కిందే పడుతుంది కాబట్టి ధర 510కి రావాలి. మర్నాడు 9:15కి షేరు గ్యాప్‌లో, అంటే మధ్య ధరలు దాటేసి, 478 దగ్గర తెరుచుకుంది. చార్టులో మాత్రం 510, 500, 490, 480 అని నాలుగు ఎర్ర ఇటుకలు మెట్లలా దిగుతాయి. బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద పద్ధతిని పరీక్షించడం) 510కి అమ్మేసినట్టు రాసుకుంటుంది. ఆ ఉదయం 510కి ఒక్క షేరూ చేతులు మారలేదు, మీకు దొరికేది 478. షేరుకి 32 రూపాయలు ఉత్తుత్తి లాభం!

గాజువాక:
నిజమే. అందుకే బ్యాక్‌టెస్ట్‌లో ఇటుక ధర వాడకూడదు, ఇటుక పూర్తయ్యాక మార్కెట్లో దొరికే మొదటి ధర తీసుకోవాలి. ఇంకోటి, ఇటుక సైజుని ఏటీఆర్‌కి (షేరు సగటున ఎంత ఊగుతుందో చెప్పే కొలత) వదిలేయకండి. ఏటీఆర్ మారితే పాత ఇటుకలన్నీ మారిపోతాయి, నిన్నటి సిగ్నల్ ఇవాళ కనపడదు. 14 రోజుల ఏటీఆర్ ఒకసారి చూసి, దగ్గరి రౌండ్ ఫిగర్ పెట్టి, ఇక ముట్టుకోకండి.

ఎంవీపీ కాలనీ:
షేరు 508కీ 532కీ మధ్య ఊగుతుంటే? రెంకో 510కి అమ్మించి 530కి కొనిపిస్తుంది. తిరిగిన ప్రతిసారీ 20 రూపాయలు పోతాయి, బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) అదనం. అదే 10 రూపాయల బాక్సు, 3 బాక్సుల రివర్సల్‌తో (దిశ మారాలంటే 3 బాక్సులు వెనక్కి రావాలి) పాయింట్ అండ్ ఫిగర్ అనే ఇంకో టైమ్ లేని చార్టు గీస్తే, 530 నుంచి 500కి పడితే గానీ తగ్గుదల చూపే ‘O’ గడుల వరుస మొదలవదు. ఈ ఊగులాట దానికి అంటదు. సిగ్నల్ ఆలస్యమవుతుంది, అది భరించాల్సిందే.

మర్రిపాలెం:
హార్బర్ పోలిక బాగుంది గానీ, ఐసు లేని చేప గంటగంటకీ ధర కోల్పోతుంది కదా! కాల్ ఆప్షన్ (ధర పెరుగుతుందని గడువు పెట్టుకుని కొనే హక్కు) కొన్నవాళ్ల పరిస్థితి అదే. ఎక్స్‌పైరీ (ఆ గడువు తీరే రోజు) ముందు నిఫ్టీ రెండు రోజులు ఒకేచోట నిలబడితే రెంకోలో పచ్చ ఇటుక అలాగే ఉంటుంది, ట్రెండ్ చెడలేదనిపిస్తుంది. ప్రీమియంలో (ఆప్షన్ ధరలో) టైమ్ వాల్యూ, అంటే మిగిలిన గడువుకి ఇచ్చే విలువ, మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. ఆప్షన్ కొంటే ఫలానా రోజులోగా కొత్త ఇటుక పడకపోతే బయటికి వచ్చేస్తానని కొనేముందే రాసుకోవాలి.

గాజువాక:
ఆప్షన్ల విషయంలో ఒప్పుకుంటున్నానండి. షేర్లు కొని దగ్గర ఉంచుకునే డెలివరీలో మాత్రం నా మాట మార్చుకోను.