కోడి రామ్మూర్తి వేషం ఎవరికివ్వాలి? కండలున్న కుర్రాడికా, నటన వచ్చిన మాస్టారికా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. మాది చిన్న నాటక బృందం, పగలు ఉద్యోగాలు, సాయంత్రం రిహార్సల్స్. ఈసారి మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి మీద నాటకం రాసుకున్నాం. విజయనగరంలో ఆయన డ్రిల్లు మాస్టారుగా ఉన్న రోజులతో మొదలై, సర్కస్ కంపెనీ, ఊరూరా ప్రదర్శనలు, ఆఖర్న కాలు తీసేయించుకోవడం దాకా. స్క్రిప్టు అయింది, పాటలు అయ్యాయి, ఆయన వేషం ఎవరు వెయ్యాలన్న దగ్గర మాత్రం ముందుకి కదలట్లేదు.

మా దగ్గర ఉన్నది ఇద్దరే. ఒకడు జిమ్ నడుపుకునే కుర్రాడు, చొక్కా విప్పితే చాలు జనం ఈలలేస్తారు, కానీ మూడు ముక్కల డైలాగ్ ఇస్తే నాలుగోసారి తడబడతాడు. రెండోవారు బళ్ళో మాస్టారు, గొప్ప నటుడు, మా జిల్లాలో కన్యాశుల్కం నాటకంలో గిరీశం అంటే ఆయనే. కానీ మనిషి బక్కపలచన. మా డైరెక్టర్ ఆయనకి స్పాంజి కండలు కట్టేద్దాం అంటున్నాడు, నాకైతే టెన్షన్‌గా ఉంది. ఊళ్ళో స్టేడియానికే రామ్మూర్తి గారి పేరుంది, ఆయన ఫొటో చూడనివాళ్ళు ఇక్కడ తక్కువ. సినిమావాళ్ళు ఇలాంటివి ఎలా తేల్చుకుంటారు?

పాత రీలు:

సినిమావాళ్ళు తేల్చుకోరండీ, డేట్లు ఎవరిస్తే వాళ్ళని పెట్టేసుకుంటారు. సరే, ఇది సరదాకి.

అసలు విషయం ఏంటంటే, ఫొటో ఉన్న మనిషి వేరు, లేని మనిషి వేరు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరిలో. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఎలా ఉండేవాడో మనలో ఎవరికి తెలుసు? 1964లో బొబ్బిలి యుద్ధం సినిమాలో ఎస్వీ రంగారావు ఆ వేషం కట్టారు, అప్పట్నుంచీ పాపారాయుడంటే ఆ మీసం, ఆ గొంతే. 1986లో కృష్ణంరాజు వేసినప్పుడు ఆయన పోటీ పడాల్సింది అసలు పాపారాయుడితో కాదు, రంగారావుతో. ఫొటో ఉన్నవాళ్ళ దగ్గరికొచ్చేసరికి జనం పోలికలు వెతుకుతారు, కానీ అదీ మొదటి పది నిమిషాలే. మహానటిలో కీర్తి సురేశ్ అనగానే సావిత్రి ఎక్కడ, ఈ అమ్మాయి ఎక్కడ అని పెదవి విరిచినవాళ్ళని నేనే బోలెడుమందిని చూశాను. తర్వాత జాతీయ అవార్డు వచ్చింది. అదే సినిమాలో మోహన్‌బాబు ఎస్వీ రంగారావుగా కనిపిస్తారు, ముక్కూ మొహం కలవకపోయినా ఆ దర్జాతో నెట్టుకొచ్చేశారు. ఇంకా వెనక్కి వెళ్తే 1974 అల్లూరి సీతారామరాజులో రూథర్‌ఫర్డ్ ఎవరు? మన కొంగర జగ్గయ్య! తెల్లదొర వేషంలో తెలుగువాడు, ఆ గొంతు వింటూ కూర్చున్నాం తప్ప ఎవరైనా అభ్యంతరం పెట్టారా?

వయసు కూడా అంతే, కొంతవరకు. కృష్ణకి అప్పుడు ముప్పై, అల్లూరి 1924లో చనిపోయేనాటికి ఇరవయ్యారు, సరిపోయింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరి తీసేనాటికి నలభై దాటీ దాటని వయసు, చిరంజీవి ఆ పాత్ర వేసేసరికి అరవై దాటాయి. జనం చూశారు, కానీ చిరంజీవిని చూశారు.

కాబట్టి నా ఓటు మాస్టారికే. స్పాంజి వద్దు, ఆయన్ని ఆయనలాగే ఉంచండి. నటన ఉంటే బలం అదే కనపడుతుంది.

మూడు లాంతర్లు (విజయనగరం):

పాత రీలు గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గానీ ఒకటి వదిలేశారు. నటుడు స్టేజి మీదకి ఒక్కడే రాడు, అంతకుముందు వేసిన వేషాలన్నిటినీ వెంటేసుకుని వస్తాడు.

మా ఊరివాళ్ళకి ఇది బాగా తెలుసు. బొబ్బిలి యుద్ధం సినిమాలో మా విజయనగరం రాజు విజయరామరాజుగా వేసింది విలన్ వేషాల రాజనాల. తెర మీద రాజనాల అడుగుపెట్టాక ఇంక కథలో తేల్చడానికి ఏం మిగిలింది చెప్పండి? ఫ్రెంచి సేనాని బుస్సీతో ఎందుకు చేతులు కలిపాడు, బొబ్బిలితో ఆ తగువు ఎప్పటిది, ఇవేవీ ఎవరూ అడగరు, తీర్పు నటుడి పేరుతోనే ఇచ్చేశారు. నేను విజయరామరాజు మంచివాడని వాదించట్లేదు, బొబ్బిలిలో జరిగింది ఘోరమే. కానీ అదే వంశంలో, అదే పేరుతో, 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చచ్చిపోయిన రాజు కూడా ఉన్నాడు. ఆయన సంగతి ఎత్తితే మా పిల్లలే "అదెవరు?" అంటారు. సినిమాలో పడ్డ ముద్ర అంత గట్టిది.

ఇప్పుడు మీ మాస్టారి సంగతి చూడండి. ఏళ్ళ తరబడి గిరీశం వేసిన మనిషి గొలుసులు చుట్టుకుని "తెంచుతాను చూడండి" అంటే మన జనం ఏం చేస్తారు? నవ్వుతారు! ఆయన తప్పేం లేదు. గిరీశం కోతలు కోసేవాడు, రామ్మూర్తి చేసి చూపించినవాడు. ఆ రెండూ ఒకే మొహం మీద నిలబడవు, కనీసం మన రెండు జిల్లాల్లో నిలబడవు. కర్నూల్లో వేస్తే పరవాలేదేమో.

దండ బస్కీలు:

నటన గురించి నాకు పెద్దగా తెలీదు, వ్యాయామం గురించి చెప్తా. మా తాత తాలింఖానాలో (కుస్తీ, కసరత్తు నేర్పే చోట) వస్తాదు.

జిమ్ కుర్రాడైతే చాలనుకుంటే అక్కడా పప్పులో కాలేసినట్టే. ఇప్పటి జిమ్ ఒళ్ళు అద్దం కోసం తయారయ్యేది, సన్నటి నడుము, పొట్ట మీద పలకలు. కుస్తీ పట్టేవాళ్ళ ఒళ్ళు అలా ఉండదు. మెడ లావు, నడుము మందం, తొడలు బండలు. రామ్మూర్తి గారి ఫొటోలు మళ్ళీ ఒకసారి చూడండి, కండల కంటే ముందు ఛాతీ కనపడుతుంది. ఆయన పనంతా ఊపిరి మీదే, గుండెల నిండా గాలి పీల్చి బిగించి గొలుసు తెంచడం, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకోవడం. మీ కుర్రాణ్ణి నెలరోజులు డంబెల్స్ పక్కన పెట్టి దండాలు, బస్కీలు తియ్యమనండి, కాస్త అన్నం కూడా తిననివ్వండి. నిలబడే తీరు మారితే సగం రామ్మూర్తి వచ్చేసినట్టే. స్పాంజి సంగతి మాత్రం మర్చిపోండి, చెమట పట్టగానే జారుతుంది, పరువు పోతుంది.

పాత రీలు:

బావుంది, కానీ ఆఖరి సీనో? కాలు పోయాక మంచం మీద కూర్చుని మాట్లాడే మనిషికి ఏ దండాలు పనికొస్తాయి? నాటకం బతికేది అక్కడే కదా, మొదటి గంట సర్కస్ చూపించి ఆఖరి పావుగంటలో వాడు తడబడితే మొత్తం పోయినట్టే.

మూడు లాంతర్లు:

డైలాగులు తగ్గించండి మరి! బలవంతుడు ఎక్కువ మాట్లాడాలని ఎక్కడుంది? కథ చెప్పే పని మాస్టారికి ఇవ్వండి. బొబ్బిలి కథని బుర్రకథవాళ్ళు ఎలా చెప్పేవారు? ఒక్క మనిషే తంబుర పట్టుకుని బొబ్బిలి రాజు రంగారావు అయ్యేవాడు, రాణి మల్లమ్మ అయ్యేవాడు, బుస్సీ కూడా అయ్యేవాడు, పోలికలు అడిగినవాడు లేడు. ఏనుగు సీను కూడా మాస్టారి నోటితోనే చెప్పించండి, స్టేజి మీదకి ఏనుగుని ఎలాగూ తేలేరు కదా.

నాగావళి గట్టు:

అందరికీ థాంక్స్. గిరీశం సంగతి మాకు తట్టనే లేదు, మా డైరెక్టర్‌కి చదివి వినిపిస్తే మొదట మొహం మాడ్చుకున్నాడు, తర్వాత నవ్వేశాడు. మాస్టారు కథకుడిగా ఉండటానికి సరే అన్నారు, కొంచెం నొచ్చుకున్నట్టే ఉన్నారు కానీ బయటపడలేదు. కుర్రాడికి ఆఖరి సీను ఒక్కటే ఇచ్చి వారం టైమిచ్చాం. అది నిలబెడితే వేషం వాడిదే, లేకపోతే బయటివాళ్ళని వెతుకుతాం.

ఇంకో తగువు మిగిలింది. కుర్రాడిది అచ్చమైన మన యాస, డైరెక్టర్ దాన్ని దిద్దుతానంటున్నాడు, నాటక పరిషత్ పోటీల్లో జడ్జీలు ఒప్పుకోరట.

దండ బస్కీలు:

ఏటి దిద్దేది బావూ! రామ్మూర్తి గారు పుట్టింది వీరఘట్టంలో. ఆయన చేత బెజవాడ తెలుగు మాట్లాడిస్తే స్పాంజి కండలు కట్టినట్టే ఉంటుంది. మన యాస ఇన్నాళ్ళూ కామెడీ వేషాలకే వాడారు, ఒక్కసారి హీరో నోట్లో విననీండి. జడ్జీలకి నచ్చకపోతే ప్రైజు వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి.

మూడు లాంతర్లు:

+1. విజయనగరంలో వేస్తే ఆనందగజపతి కళాక్షేత్రం దొరుకుతుందేమో నేను కనుక్కుంటాను, తేదీలు చెప్పండి. గొలుసు మాత్రం ప్లాస్టిక్‌ది తేకండి, కింద పడ్డప్పుడు చప్పుడు రాదు. ఇనప గొలుసే తెచ్చి మధ్యలో ఒక్క లింకు కోయించి, సన్నటి తీగతో కట్టించండి.