టెక్నికల్ రైటర్ ఉద్యోగం నుంచి ఏపీఐ డాక్యుమెంటేషన్‌కా, యూఎక్స్ రైటింగ్‌కా?

ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ యూజర్ మాన్యువల్స్ రాస్తున్నానండి. ఎక్స్‌ఎంఎల్, దాని మీద ఆధారపడిన డిటా (DITA) అనే డాక్యుమెంటేషన్ పద్ధతి బాగా వచ్చు. ఇప్పుడు ఏ ప్రకటన చూసినా మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్‌లోనే ఫార్మాటింగ్ చేసే పద్ధతి), గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే టూల్), ఓపెన్‌ఏపీఐ (ఏపీఐలను, అంటే ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులను, వివరించే ఫార్మాట్) అడుగుతున్నారు. గిట్ నేర్చుకుంటున్నాను. నిన్న ఒక మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట చేసిన రెండు మార్పులు ఢీకొనడం) దగ్గర రెండు గంటలు ఇరుక్కుపోయాను. చివరికి ఒక్క వాక్యం చుట్టూ ఉన్న బాణం గుర్తులు తీసేస్తే సరిపోయింది. అయినా ఆ పని నచ్చింది.

యూఎక్స్ రైటింగ్, అంటే యాప్‌లలో తెర మీద కనిపించే మాటలు రాయడం, కూడా లాగుతోంది. "ఎర్రర్ 403" అని వదిలేయకుండా "ఈ ఫైల్ చూడటానికి మీకు అనుమతి లేదు" అని రాయడంలో తృప్తే వేరు.

అసలు టెన్షన్ పోర్ట్‌ఫోలియో గురించే. రాసినవన్నీ కంపెనీ లోపలివే, బయట చూపించకూడదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు రాసిన డాక్యుమెంటేషన్ చూపిస్తే ఇంటర్వ్యూల్లో లెక్కలోకి తీసుకుంటారా? పైథాన్ ఎంతవరకు రావాలి? ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.