చాసర్ వాడిన ‘మైస్ట్రీ’కి తెలుగులో ఒకే మాట కుదురుతుందా?

14వ శతాబ్ది చివరి నాటి ఆంగ్ల కవి చాసర్ ‘కాంటర్‌బరీ కథల’లో కొన్ని భాగాలను తెనిగిస్తున్న నాకు ‘మైస్ట్రీ’ అనే మాట రెండు వారాలుగా కొరుకుడు పడటం లేదు. బాత్ ఊరి ఇల్లాలి ప్రసంగంలో అది భర్త మీద సాధించిన పైచేయి. రసవాది సేవకుడి కథలో కళ్లెదుట చేసి చూపిస్తానన్న ఘనకార్యం. ఉపోద్ఘాతంలో సన్యాసి వర్ణనకు వచ్చేసరికి ‘ఫర్ ది మైస్ట్రీ’ అంటే ‘అందరినీ మించి’ అని మాత్రమే. ‘ఆధిపత్యం’ మొదటిచోట అతికినా రెండోచోట తేలిపోయింది. ‘నేర్పు’ పెడితే దాంపత్యంలోని పెత్తనం జారిపోయింది. లాటిన్ ‘మజిస్టర్’ నుంచే పోర్చుగీసు మీదుగా మనకు చేరిన ‘మేస్త్రీ’ దీనికి దాయాదే కానీ, ఆ మాట వినగానే తాపీ, ఇటుకలే కళ్లముందు మెదులుతాయి. ఈ మూడు చోట్లా నిలబడగల ఒకే తెలుగు మాట మీ ఎరుకలో ఏదైనా ఉందా?