సమస్య: కడలి దాటంగ మగవాడె కాంత యయ్యె

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి, ఇచ్చింది నాలుగో పాదం. మోహిని వద్దు, బృహన్నల అసలే వద్దు. మన బైబిల్లో యోహాను ఉన్నాడు కదా, ఆ పేరు ఐరోపాలో పడ్డ పాట్లలోంచే పూరణ రావాలి. హీబ్రూలో యోహానాన్, అంటే 'యెహోవా కరుణించాడు' అని. గ్రీకు, లాటిన్ల మీదుగా వెళ్ళి ఇంగ్లీషులో జాన్, జర్మన్లో హాన్స్, స్పెయిన్లో హువాన్, ఇటలీలో జొవాన్ని, రష్యాలో ఇవాన్ అయ్యాడు.

కొత్త సభ్యుడు: ఒక్క పాదమే కుదిరిందండీ.
"రష్య కేగిన జాను తా నివను డయ్యె"

పంతులుగారు: యతి ఏది బాబూ? పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరాలి కదా, 'ర'కు 'ని' ఎలా సరిపోతుంది? పైగా ఇవాన్‌ను ఇవను చేసి దీర్ఘం మింగేశావు. నీ ఇబ్బంది నాకు తెలుసు. 'ఇవాను' జగణం, తేటగీతిలో దానికి చోటు లేదు. రెండు గణాల మధ్య విరిచి చూడు:
"వాడె రష్యాను జూడ నివానుడయ్యె"
'జూడని' భగణం, 'వాను' గలం. యతి 'వా' మీదే పడింది.

గోదారి గట్టు: నా పూరణ.
ప్యారిసున నున్న జాఁ యను పౌరుడొకడు
లండనున దిగ, జీనని లలన యనుచు
వ్రాసి యిచ్చిరి గదిచీటి వనితపేర
కడలి దాటంగ మగవాడె కాంత యయ్యె

ఫ్రెంచిలో జాఁ మగవాడు. అవే అక్షరాలను (Jean) ఇంగ్లీషువాడు జీన్ అని చదువుతాడు, అది ఆడపేరు.

పంతులుగారు: భేష్! కానీ లలన, వనిత ఇద్దరూ ఎందుకు? మూడో పాదం మార్చు:
"మీసమును చూడకయె చీటి మీద వ్రాయ"

కాటుక పిట్ట: నేను బార్సిలోనా వెళ్ళొచ్చాను, పద్యంలోనే లెండి.
బార్సిలోనలో కుంచెను బట్టి వెలసె
జోను మీరో యనంగను జోతలందె
ఆంగ్లపాఠకు డాపేర నతివ గాంచె
కడలి దాటంగ మగవాడె కాంత యయ్యె

గోదారి గట్టు: అమ్మా, బాగుంది. కానీ 1893లో పుట్టిన ఆ చిత్రకారుణ్ణి కాటలాన్‌వాళ్ళు, అంటే బార్సిలోనా ప్రాంతంవాళ్ళు, జువాన్ అన్నట్టు పిలుస్తారు. 'జోను' అని మీరే రాస్తే రెండో పాదంలోనే కడలి దాటించేసినట్టు కాదూ?

కాటుక పిట్ట: ఒప్పుకుంటాను. ఇది చెవికి కాదు, కంటికి సమస్య. Joan అన్న అక్షరాలను ఇంగ్లీషువాడు జోన్ అని చదువుతాడు, అది ఆడపేరు. ఫ్రెంచివాళ్ళ వీరనారి జాన్ దార్క్ కూడా ఇంగ్లీషులో జోన్ అయింది. కాకపోతే ఆవిడ ఇక్కడా అక్కడా ఆడదే.

పంతులుగారు: ఒక మెలిక చెప్తాను. పాత ఫ్రెంచిలో మగపేరు జెహాన్, ఆడపేరు జెహాన్న. మొదటిది అరిగి ఫ్రెంచి జాఁ అయింది. రెండోది స్కాట్లండు చేరి జీన్ అయింది. అప్పట్లో ఫ్రెంచివాళ్ళు కూడా గట్టి 'జ'నే పలికేవాళ్ళు. తర్వాత వాళ్ళు దాన్ని మెత్తబరిచారు, ఇంగ్లీషు మాత్రం పాతదే ఉంచుకుంది. అంటే కడలి దాటింది మగవాడు కాదు, వాడి చెల్లెలు. అరిగి అరిగి అన్నాచెల్లెళ్ళ స్పెల్లింగు ఒకటైపోయింది, అంతే.

గోదారి గట్టు: అయితే నా పద్యంలో మీసం తీసేయమంటారా మాస్టారూ?

పంతులుగారు: వద్దు, ఉంచు. పద్యం నిలబడింది దాని మీదే.